దైవసేవకుల నాయకుడు: ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్

మానవహృదయమున పగ యొకమారు వేరూనినచో దానిని పెకలించుట మిగుల దుష్కరము. ఒకనియందు పుట్టిన పగ కుటుంబమునకు ప్రాకును. కుటుంబమునుండి వంశమునకును, వంశమునుండి గ్రామమునకును వ్యాపించును. అట్టి గ్రామమున పుట్టిన బాలుడు మాటలు నేర్చునాటికే తాను ఎవరిని ద్వేషింపవలెనో నేర్చుకొనును. యౌవనము వచ్చునప్పటికి వాని చేతికి ఆయుధము నందించి, మతము పేరనో జాతి పేరనో వానిని మృత్యుముఖమునకు త్రోయువారును లభింతురు. ఈ విపత్తునుండి యువకులను రక్షించుట ఎట్లు? చట్టము శిక్షింపగలదు, సైన్యము భయపెట్టగలదు. కాని భయము తొలగిన మరుక్షణమే పగ మరల తల యెత్తును. పగకు బానిసయైన సమాజమును లోపలినుండియే మార్చుటకు పూనుకొని, ఆ పనికై జీవితమును ధారపోసిన మహనీయుడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. పఠానులు ఆయనను బాద్షా ఖాన్ అనిరి. భారతదేశము సరిహద్దు గాంధి యని పిలిచెను.

జన్మభూమి

పెషావరు పట్టణమునకు కొలది దూరమున, స్వాత్ నదీజలములతో సస్యశ్యామలమైన హష్త్‌నగర్ ప్రాంతమున ఉత్మాన్‌జై అను గ్రామము కలదు. ఇప్పుడది పాకిస్తానునందలి చార్సద్దా జిల్లాలోనిది. అచట 1890 ప్రాంతమున గఫార్ ఖాన్ జన్మించెను. తండ్రి బెహ్రాం ఖాన్ గ్రామపెద్ద, సంపన్నుడగు భూస్వామి. చదువు నేర్వనివాడైనను దైవభక్తి గలవాడు. పగలను పెంచుకొనక శత్రువులను క్షమించినవాడని పేరొందెను. తల్లి నమాజు ముగిసిన పిదప గూడ చాలసేపు మౌనముగ ధ్యానమందుండెడిది. ఈ ఇరువురి శీలమును ఆయనకు లభించిన తొలి పాఠము.

పఠానులకు ఒక పురాతన ధర్మము కలదు. దానిని పష్తూన్‌వలీ యందురు. గ్రంథస్థము కాని ఆ ధర్మమున మూడు విధులు ప్రధానములు. గడప త్రొక్కిన అతిథిని ప్రాణములొడ్డియైనను కాపాడుట మెల్మస్తియా. జరిగిన అవమానమునకు ప్రతీకారము తీర్చుకొనుట బదల్. శత్రువే యింటికి వచ్చి శరణు వేడినచో క్షమించి ఆశ్రయమిచ్చుట ననవతై. కాలక్రమమున బదల్ తక్కిన రెండు విధులను మ్రింగివేసినది. తాత చేసిన హత్యకు మనుమడు ప్రాణమిచ్చుట, పొలము గట్టుమీద పుట్టిన తగవు తరతరములు సాగుట అచట వింత కాదు. తుపాకి లేని మగవాడు మగవాడే కాడని తల్లులే బిడ్డలకు చెప్పుచుండిరి.

దీనికి తోడు పరపాలనము వచ్చి పడెను. 1893లో డ్యూరాండు రేఖ పఠానుల భూమిని రెండుగా చీల్చెను. 1901లో వాయవ్య సరిహద్దు రాష్ట్రము ఏర్పడెను. ఆ సంవత్సరమే సరిహద్దు నేరముల చట్టము అమలునకు వచ్చెను. ఆ చట్టము ననుసరించి ఒకడు చేసిన నేరమునకు వాని బంధువులను, గ్రామమునంతటిని గూడ శిక్షింపవచ్చును. 1919 నాటి సంస్కరణములు ఇతర రాష్ట్రములకు వచ్చెను గాని సరిహద్దునకు రాలేదు. ఇట్లు లోపల పగ, వెలుపల అవమానము. ఈ రెంటి నడుమ పఠాను యువకుడు పెరుగుచుండెను. వాని శౌర్యమునకు తుపాకి తప్ప వేరు మార్గము చూపువారు లేకుండిరి.

రెండు త్రోవలు

ఆ కాలమున పాఠశాలకు పోవుట పాపమని బోధించు ముల్లాలు సరిహద్దు గ్రామములయందు పెక్కురు. అయినను బెహ్రాం ఖాన్ తన కుమారుల నిద్దరిని పెషావరునందలి ఎడ్వర్డ్స్ మిషన్ పాఠశాలకు పంపెను. అన్న అబ్దుల్ జబ్బార్ ఖాన్ వైద్యవిద్యకై ఇంగ్లండు వెళ్లి, పిమ్మట డాక్టర్ ఖాన్ సాహెబుగా ప్రసిద్ధుడయ్యెను. తమ్ముని మనస్సునకు ఆ పాఠశాలలో హత్తుకొనినది ప్రధానోపాధ్యాయుడగు విగ్రాం దొర నడవడి. సముద్రములు దాటి వచ్చిన విదేశీయుడు పరజాతి బాలురకై ఇంత పాటుపడుచుండగా, తమ వారికై తాము చేయుచున్నదేమి యను ప్రశ్న ఆ బాలుని హృదయమున నాటుకొనెను.

దృఢకాయుడు, ఆరడుగులకు మించిన యెత్తరియైన ఆ యువకునకు గైడ్స్ అను ప్రసిద్ధ సైనిక దళమున అధికారి పదవి లభించెను. పఠానునకు అంతకంటె గౌరవము లేదు. కాని తాను ఎరిగిన ఒక భారతీయ సైనికాధికారిని ఆంగ్లేయుడొకడు నలుగురిలో అవమానించుట కన్నులార చూచి, ఆయన ఆ పదవిని త్యజించెను. కొంతకాలము అలీగఢ్‌లో చదివెను. ఇంగ్లండు పోవలెనను తలంపునకు తల్లి సమ్మతింపకపోగా, ఆమె మనస్సు నొప్పింపలేక గ్రామముననే నిలిచెను.

1910లో ఆయన ఉత్మాన్‌జైలో ఒక పాఠశాలను నెలకొల్పెను. ఈ పనిలో ఆయనకు పెద్ద దిక్కు తురంగ్‌జై హాజీ సాహెబు. ఫజల్ వాహిద్ అను నామము గల ఆ హాజీ సరిహద్దునందు మహాభక్తుడని పూజలందుకొనినవాడు. వీరిరువురును మరికొందరును కలిసి గ్రామ గ్రామమున పాఠశాలలు తెరచిరి. ఇదే కాలమున దేవబంద్ విద్యాపీఠపు పండితులతో గఫార్ ఖాన్‌నకు పరిచయము కలిగెను. ఆంగ్లేయులను ఎదిరించుటకు కొండజాతుల భూమిలో ఒక స్థావరమును సిద్ధపరుపవలెనని వారి ఆలోచన. దానికి తగిన స్థలమును వెదకుచు 1914 ప్రాంతమున ఆయన బజౌర్ కొండలకు పోయెను. ఎదురుచూచిన సహచరులు సకాలమున రాలేదు. ఆయన అచటి చిన్న మసీదులో ఒంటరిగా ఉపవాసముండి, కొన్ని దినములు ప్రార్థనయందు గడపెను. ఆ దీక్షనుండి లేచినప్పుడు ఆయనకు ఒక్కటి మాత్రము స్పష్టమయ్యెను: తన జీవితము జాతి సేవకే అర్పితము. స్థావరమును వెదకుట మాని స్వగ్రామమునకు మరలెను.

1915లో తురంగ్‌జై హాజీ ఆంగ్లేయులకు చిక్కక కొండలలోనికి తరలి, ఆయుధము పట్టి యుద్ధమునకు దిగెను. ప్రభుత్వము ఆయన పాఠశాలలను మూయించెను. ఒకే పాఠశాలను కట్టిన రెండు చేతులలో ఒకటి కత్తి నందుకొనెను. హాజీ భక్తుడు, త్యాగి. ఆయన దేశప్రేమను శంకింపవలసిన పని లేదు. కాని ఆ త్రోవను పోయిన వందల యువకుల వెనుక మిగిలినవి దగ్ధమైన గ్రామములు, మూతపడిన బడులు, క్రొత్త పగలు. గఫార్ ఖాన్ రెండవ త్రోవను పట్టెను. 1915 మొదలు 1918 వరకు సరిహద్దు జిల్లాలలోని 500 గ్రామములను ఆయన చుట్టివచ్చెను. హుజ్రాలలో, మసీదు అరుగులపై, పొలములలో జనులతో కూర్చుండి, మన దుఃఖమునకు కారణము పరాయివాడొక్కడే కాదు, మన యజ్ఞానమును మన యంతఃకలహములును గూడ కారణములే యని చెప్పెను. ఈ సంచారములోనే జనులు ఆయనకు బాద్షా ఖాన్ అను పేరు పెట్టిరి.

తండ్రి యడిగిన ప్రశ్న

1918లో విషజ్వరమున భార్య మరణించెను. మరుసటి యేట రౌలట్ చట్టమునకు వ్యతిరేకముగ ఉత్మాన్‌జైలో మహాసభ జరిపినందుకు ఆయన కారాగృహము పాలయ్యెను. ఆయన కాళ్లకు సరిపడు సంకెలలు లేక, చిన్నవానినే బిగింపగా చర్మము చీలి రక్తము కారెను. వృద్ధుడగు తండ్రిని గూడ ప్రభుత్వము నిర్బంధించెను. 1920లో హిజ్రత్ ఉద్యమము బయలుదేరెను. ఆంగ్లేయుల పాలనలో ఉండరాదను ఆవేశముతో సరిహద్దునుండి వేలాది ముస్లిములు ఇల్లు వాకిలి యమ్ముకొని ఆఫ్ఘనిస్తానమునకు తరలిరి. గఫార్ ఖానును వారితో పోయెను. అచట చోటు లేక, కూడు లేక, మరలి వచ్చుచు త్రోవలో కూలిన వారి దురవస్థను ఆయన చూచెను. రగిలిన ఆవేశము ఎంత గొప్పదైనను, దానిని నడపు వివేకము లేనిచో దాని భారము పేదల నెత్తిననే పడునని గ్రహించెను.

మరలి వచ్చి 1921లో ఉత్మాన్‌జైయందు స్వతంత్ర పాఠశాలను తెరచెను. అందు కొడుకులను చేర్చెను. చీఫ్ కమీషనరు బెహ్రాం ఖానును పిలిపించి, ఇతరులెవ్వరును చేయని ఈ పనిని నీ కుమారుడేల చేయుచున్నాడు, మానుమని చెప్పుమనెను. తండ్రి వచ్చి కుమారునకు ఆ మాట చెప్పెను. అప్పుడు కుమారుడు, అందరును నమాజు మానివేసినచో తానును మానవలయునా యని తండ్రినే యడిగెను. మానరాదు, అది దైవవిధి యని తండ్రి యనెను. పిల్లలకు చదువు చెప్పుటయు నమాజువలె దైవవిధియే యని కుమారుడు విన్నవించెను. వృద్ధుడు మారు మాటాడక దీవించెను.

ఫలితముగ ఆ సంవత్సరాంతమున మూడేండ్ల కఠినశిక్ష వచ్చెను. ఒంటరి గదిలో నుంచి తిరుగలి త్రిప్పించిరి, శరీరము కృశించెను. 1924లో విడుదలయై వచ్చిన ఆయనకు జనులు ఫఖ్ర్-ఎ-అఫ్ఘాన్, అనగా ఆఫ్ఘనుల గర్వకారణము, అను బిరుదము నొసగిరి. 1926లో హజ్ యాత్ర చేసి జెరూసలేము వెళ్లగా, అచట రెండవ భార్య మెట్లపై నుండి జారిపడి మరణించెను. ఆయన మరల వివాహమాడలేదు. 1928లో పష్తో భాషలో పష్తూన్ అను మాసపత్రికను ప్రారంభించెను. అందు స్త్రీలు గూడ వ్రాసిరి. పరదా చాటుననున్న స్త్రీ తన మాటను అచ్చులో చూచుకొనుట ఆ నేలపై అపూర్వము.

ఖుదాయీ ఖిద్మత్‌గార్లు

1929 చివర ఆయన ఖుదాయీ ఖిద్మత్‌గార్లు అను సంఘమును స్థాపించెను. దైవసేవకులని ఆ పేరునకు అర్థము. భగవంతునకు మన సేవతో పని లేదు. ఆయన సృష్టికి చేయు సేవయే ఆయనకు చేయు సేవ. ఈ భావమే సంఘమునకు పునాది. సంఘమున చేరువాడు దైవసాక్షిగా ప్రమాణము చేయవలెను. హింస చేయనని, ప్రతీకారము తలపెట్టనని, తనను బాధించినవానిని క్షమింతునని, కుటుంబ కక్షలలో పాలుగొననని, నిరాడంబరముగ బ్రతుకుదునని, దినమునకు రెండు గంటలైనను ప్రజాసేవ చేయుదునని ఆ ప్రమాణము సారాంశము.

పఠానునకు ప్రమాణము ప్రాణము. ఇచ్చిన మాట తప్పినవానికి ఆ నేలపై నిలువ నీడ లేదు. బాద్షా ఖాన్ ఈ మర్మమును ఎరుగును. కావుననే ఆయన పఠానులను పఠానుతనమునుండి తొలగింప యత్నింపలేదు. ధైర్యము మీ ధర్మమే కదా, తుపాకి పట్టి కాల్చుటకంటె తుపాకి యెదుట రొమ్ము చూపి నిలుచుటకు ఎక్కువ ధైర్యము వలదా యని యడిగెను. బదల్ మీ ధర్మమైనచో ననవతై గూడ మీ ధర్మమే కదా యని జ్ఞాపకము చేసెను. మక్కా నగరమున పదమూడేండ్లు హింసలను సహించి నిలిచిన ప్రవక్త చూపిన ఓర్పు, సబర్, ముస్లిము ధరింపవలసిన మహాయుధమని బోధించెను. అహింస తనకు పరదేశమునుండి వచ్చిన క్రొత్త సరకు కాదనియు, తమ మతముననే యుండి మరువబడిన నిధి యనియు ఆయన నిశ్చయము. ద్వేషమును బోధించువాడు వాడుకొను మాటలనే, ఆ మతమునే, ఆ గౌరవమునే తీసికొని ఆయన క్షమకు వాహనములుగ మార్చెను. సరిహద్దు పల్లెలలో ఆయన మాట ఎక్కుటకు ఇదియే కారణము.

బోధతో మాత్రము ఆయన తృప్తిపడలేదు. ఖాళీ చేతులు ఏ పిలుపునకైనను లొంగునని ఎరిగి, ఆ చేతులకు పని యిచ్చెను. సైన్యమువలె దళములు, అధికారులు, కవాతు, బాకాలు, పతాకము అన్నియు ఏర్పరచెను. చేతికఱ్ఱ తప్ప ఆయుధము మాత్రము లేదు, పలుమారు అదియు లేదు. యువకునకు దళమునందు చేరవలెనను ఉత్సాహము సహజము. ఆ ఉత్సాహమును ఆయన అణచలేదు. దానికి ఊడ్చు వీథులను, కట్టు పాఠశాలలను, త్రిప్పు రాట్నములను, తీర్చు తగవులను చూపెను. తరములుగ మాటలాడుకొనని వంశములవారు ఒకే పంక్తిలో కవాతు చేసిరి. ధరించిన తెల్లబట్టలు త్వరగా మాయుచుండుటచే తోళ్లు ఊనువారి రంగులో ముంచి ఇటుక ఛాయగా చేసికొనిరి. ఆ రంగును బట్టి వారికి ఎఱ్ఱచొక్కాలవారని పేరు వచ్చెను. ప్రభుత్వము ఆ రంగును చూపి వారిని బోల్షెవిక్కులని ప్రచారము చేసెను. స్త్రీలును, కొందరు హిందువులును, సిక్కులును గూడ సంఘమున చేరిరి.

కిస్సాఖానీ బజారు

1930 ఏప్రిలు 23వ తేదీన ఉప్పు సత్యాగ్రహ సందర్భమున బాద్షా ఖానును పెషావరు త్రోవలో ప్రభుత్వము నిర్బంధించెను. పట్టణమందలి నాయకులను గూడ పట్టుకొనగా జనులు కిస్సాఖానీ బజారులో గుమిగూడిరి. కవచశకటములు జనసమూహము మీదికి దూసికొని వచ్చెను. కొందరు నలిగి చచ్చిరి. ఒక శకటము తగులబడెను. పిదప కాల్పులు ప్రారంభమయ్యెను. ముందు నిలిచినవారు పడగా వెనుకవారు ముందునకు వచ్చి, దైవనామమును స్మరించుచు నిలిచిరి. గంటల కొలది ఈ ఘోరము సాగెను. మృతులను ప్రభుత్వము కొలది పదులుగా లెక్కించెను. జనులు వందలని చెప్పిరి.

ఇంటింట తుపాకి గల జాతి అది. ఆ రాత్రి ప్రతీకారమునకు పిలుపు వచ్చియుండినచో సరిహద్దంతయు రక్తమయమై యుండెడిది. పిలుపు రాలేదు. ఆ బజారులోనే మరియొక అద్భుతము జరిగెను. గఢ్వాల్ రైఫిల్స్ దళమునకు చెందిన హిందూ సైనికులు చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వమున, నిరాయుధులగు ముస్లిము సోదరులమీద గుండు పేల్చుటకు నిరాకరించిరి. వారు సైనిక న్యాయస్థానముచే దీర్ఘకాల కఠినశిక్షలు పొందిరి. ఎదుటివాడు ఆయుధము పట్టకుండుటచేతనే ఈ సైనికుల మనస్సాక్షి మేల్కొనుటకు తావు కలిగినది.

మేనెలలో సైన్యము ఉత్మాన్‌జైని చుట్టుముట్టి, సేవకుల ఎఱ్ఱ చొక్కాలను ఊడదీయించి, కొట్టి, కార్యాలయమును తగులబెట్టెను. సంఘము అంతరించునని పాలకుల తలంపు. కాని ఏప్రిలునకు పూర్వము వందలలోనున్న సేవకుల సంఖ్య కొన్ని నెలలలోనే పదుల వేలకు పెరిగెను. పంజాబునందలి గుజ్రాత్ కారాగృహమున బాద్షా ఖాన్ సహఖైదీలకు ఖురాను బోధించుచు, పండిత జగత్‌రామునొద్ద భగవద్గీతను వినుచుండెను. పరమతమును తెలిసికొనుటచే తన మతము బలహీనపడదని, ఇంకను లోతుగ అర్థమగునని ఆయన అనుభవము.

పరీక్షలు

గాంధీ–ఇర్విన్ ఒడంబడిక పిమ్మట విడుదలయైన ఆయన, 1931 చివర మరల చెరపట్టబడి 1934 వరకు హజారీబాగ్ కారాగృహమున నుండెను. విడుదలయైనను సరిహద్దునకు పోరాదని ఆజ్ఞ. వార్ధాలో గాంధీమహాత్ముని చెంత గడపెను. కాంగ్రెసు అధ్యక్షపదవిని స్వీకరింపుమని కోరగా, తాను సైనికుడననియు సేవ తప్ప పదవి వలదనియు తిరస్కరించెను. 1937లో అన్న డాక్టర్ ఖాన్ సాహెబు సరిహద్దున మంత్రివర్గమును నిర్మించెను. తమ్ముడు గ్రామములయందే మిగిలెను.

1938లో మహాత్ముడు రెండుమారులు సరిహద్దునకు వచ్చి సేవకులను పరీక్షించెను. ఆయుధములు లేనందున అహింసను పట్టితిరా, ఉన్నను పట్టక విడిచితిరా యన్నదే ఆయన ప్రశ్నల సారము. చెరసాలలు నింపుట సులభమనియు, నిర్మాణకార్యమున దినదినము నిలుచుటయే కష్టమనియు హెచ్చరించెను. బాద్షా ఖాన్ ఆ హెచ్చరికను మనస్సున నుంచుకొని సర్దర్యాబ్‌లో నదీతీరమున సేవకులకు శిక్షణకేంద్రమును కట్టించెను. 1940లో కాంగ్రెసు కార్యవర్గము యుద్ధమున షరతులతో కూడిన సహాయమునకు సిద్ధపడగా, అహింసావ్రతమునకు అది విరుద్ధమని తలచి ఆయన కార్యవర్గమునుండి తప్పుకొనెను. 1942లో లాఠీ దెబ్బలకు ప్రక్కటెముకలు విరిగెను. చెర మరల తప్పలేదు.

ఘోరపరీక్ష 1946, 1947 సంవత్సరములలో వచ్చెను. మతద్వేషము దేశమునంతటిని క్రమ్ముకొనెను. బీహారునందు ముస్లిములు హతులగుచుండగా బాద్షా ఖాన్ మహాత్మునితో కలిసి ఆ గ్రామములలో తిరిగి దుఃఖితులను ఓదార్చెను. అదే కాలమున పెషావరులో హిందువులకును సిక్కులకును ప్రాణభయము కలుగగా, వేలకొలది ఖుదాయీ ఖిద్మత్‌గార్లు వచ్చి కాపలా కాచిరి. తమ మతమువారిని అన్యత్ర చంపుచున్నారని వినుచునే, ఆ చంపువారి మతస్థులను ఇచట కాపాడుట సామాన్యము కాదు. ప్రమాణము చేసిననాటి మాటకు అది నిదర్శనము.

ఈ రోజులలో పరీక్ష ఆయన యింటిలోనికే ప్రవేశించెను. సేవకులపై దాడులు హెచ్చుటచే పెద్ద కుమారుడు గనీ ఖాన్ 1947లో ఆయుధధారులైన యువకులతో జల్మై పష్తూన్ అను సంఘమును ఏర్పరచెను. తండ్రిని, తండ్రి అనుచరులను కాపాడవలెననియే ఆతని ఉద్దేశము. అయినను అది ఖుదాయీ ఖిద్మత్‌గార్ల సంఘము కాలేదు. తండ్రి తన సేవకుల ప్రమాణములో అక్షరమైనను సడలింపలేదు. ప్రేమచేత పట్టిన తుపాకి గూడ తుపాకియే యని ఆయన నడవడి తెలిపెను.

స్వతంత్రము తరువాత

దేశవిభజనమును ఆయన తుదివరకు వ్యతిరేకించెను. 1947 జూలైలో సరిహద్దునందు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమును ఆయన సంఘము బహిష్కరించెను. పాకిస్తాను ఏర్పడిన పిదప 1948 ఫిబ్రవరిలో ఆ దేశపు రాజ్యాంగసభలో విధేయతాప్రమాణము చేసి, దేశనిర్మాణమునకు సహకరింతునని ప్రకటించెను. కాని జూన్ నెలలోనే నిర్బంధింపబడెను. 1948 ఆగష్టు 12వ తేదీన చార్సద్దా సమీపమందలి బాబ్రాలో నిరసనకై చేరిన సేవకులమీద కాల్పులు జరిగెను. వందలమంది మరణించిరని వారు చెప్పిరి. ప్రభుత్వపు లెక్క అందులో చిన్న భాగము. సంఘము నిషేధింపబడెను. సర్దర్యాబ్ కేంద్రము కూల్చివేయబడెను. పరపాలకుల తుపాకికి లొంగనివారు, స్వదేశీయుల తుపాకికిని తిరిగి తుపాకి చూపలేదు.

అటు పిమ్మట ఆయన జీవితము చాలవరకు చెరలోను, ప్రవాసములోను గడచెను. రెండు ప్రభుత్వముల కారాగృహములలోను కలిపి సుమారు ముప్పదియేండ్లు ఆయన బంధితుడు. 1958లో అన్న డాక్టర్ ఖాన్ సాహెబు లాహోరులో హత్య గావింపబడెను. 1964లో చికిత్సకై ఇంగ్లండు వెళ్లి, అచటినుండి ఆఫ్ఘనిస్తానము చేరి, చాలకాలము జలాలాబాదున నివసించెను.

1969లో మహాత్ముని శతజయంతికి ఆయన భారతదేశమునకు వచ్చెను. విమానమునుండి దిగునప్పుడు ఆయన చేత చిన్న బట్టలమూట. దానిని మోయుటకు ఎవ్వరికిని ఇయ్యలేదు. ఆ సమయముననే అహమ్మదాబాదున మతకలహములు చెలరేగియుండెను. సన్మానములకు వచ్చిన అతిథి మూడు దినములు ఉపవాసముండెను. పిదప గుజరాతునందలి బాధితుల నడుమకు పోయెను. పార్లమెంటు సభ్యులనుద్దేశించి ప్రసంగించుచు, మహాత్ముని దేశము మహాత్ముని మరచుచున్నదని ముఖస్తుతి లేక చెప్పెను. పాకిస్తానున ఆయనను హిందువుల మిత్రుడని నిందించిరి. భారతదేశమున ఆయన చెప్పిన కఠినసత్యము కొందరికి రుచింపలేదు. ఎవరి మెప్పునకును ఆయన తన మాటను మార్చలేదు.

1972లో స్వదేశమునకు మరలెను. 1987లో భారతదేశము ఆయనకు భారతరత్న బిరుదము నొసగెను. భారతపౌరులు కానివారిలో ఆ గౌరవమును మొదట పొందినవాడు ఆయనయే. 1988 జనవరి 20వ తేదీన పెషావరులో ఆయన దేహము చాలించెను. జలాలాబాదున తన దేహమును ఖననము చేయవలెనని ఆయన కోరిక. అప్పుడు ఆఫ్ఘనిస్తానమున ఘోరయుద్ధము సాగుచుండెను. అంత్యక్రియలకై ఇరుపక్షములును కాల్పులను నిలిపిరి. వేలాది జనులు సరిహద్దు దాటి ఆయన వెంట నడచిరి. అంతటి శోకసమయమునను జనసమూహము నడుమ బాంబులు ప్రేలి పదునైదుగురు మరణించిరి. ఆయన ఎదిరించిన శక్తి ఆయన సమాధివరకు వెంబడించెను.

మిగిలిన పాఠము

ఆయన పేరిట చార్సద్దాలో బాచా ఖాన్ విశ్వవిద్యాలయము 2012లో వెలసెను. 2016 జనవరి 20వ తేదీన, అనగా ఆయన వర్ధంతినాడు, ఆయన స్మృత్యర్థము కవిసభ జరుగవలసియుండగా, సాయుధులు ఆ విశ్వవిద్యాలయమున చొరబడి ఇరువదిమందికి పైగా విద్యార్థులను, ఉద్యోగులను చంపిరి. ఆ హంతకులును యువకులే. వారికిని ఎవరో ఒక ప్రమాణమును చేయించిరి, ఒక దళమున చేర్చిరి, మతము పేర ఒక త్రోవ చూపిరి. శతాబ్దము క్రిందట ఉత్మాన్‌జై పాఠశాల తలుపు తెరచిన ఆ యువకునకును, తలుపు బ్రద్దలుకొట్టిన ఈ యువకులకును పుట్టిన నేల ఒక్కటే, మతము ఒక్కటే. భేదము వారిని ముందుగా చేరినవా రెవ్వరనునదే.

దీనినిబట్టి ఆయన కృషి వ్యర్థమైనదని తలపరాదు. సంఘము లేని తావును ద్వేషము ఆక్రమించినది. సంఘమున్న కాలమున అదే నేల, అదే జాతి, అదే యువకులు అవమానమునకు ప్రత్యవమానము చేయక నిలిచిరి. మానవస్వభావము మారదనువారికి ఆ కొన్ని సంవత్సరములే సమాధానము. సమాజమును పగనుండి కాపాడుట యొకనాటి పని కాదనియు, ఆ పనిచేయువారిని చెరలో వైచి వారి కేంద్రములను కూల్చిన ప్రభుత్వము తన బిడ్డలనే అరక్షితులను చేయుననియు ఆ చరిత్ర చెప్పుచున్నది.

బాద్షా ఖాన్ చూపిన మార్గము ఏ గ్రామమునకైనను పనికివచ్చునదే. బాలునకు చదువు, యువకునకు గౌరవముతో కూడిన పని, చేరుటకొక దళము, చేయుటకొక సేవ, తన మతమునందలి క్షమను తన మతముమాటలతోనే బోధించు గురువు, పొరుగు మతమును తెలిసికొను అవకాశము, నిత్యము వీథిలో కనబడు పెద్దవాని ఆచరణము. ఈ సాధనములు ఉన్నచోట ద్వేషమును బోధించువానికి శిష్యులు దొరకుట దుర్లభము. సర్వభూతములయందు భగవంతుని చూచి సేవించుటయే పూజ యని మన ఋషులు బోధించిన సత్యమును, సరిహద్దు కొండలలోని ఈ ముస్లిము భక్తుడు దైవసేవకుడను ఒక్క మాటలో ఇమిడ్చి, ఎనుబది సంవత్సరములు ఆచరించి చూపెను. అట్టి సేవకులు ప్రతి గ్రామమున పుట్టుదురుగాక!